హైదరాబాద్ శివార్లలో ఊరు ఎంచుకోవడం ఎలా: ముందు స్కూలు, తర్వాత రోడ్డు, ఆఖర్న ఇల్లు

పిల్లలు కాస్త మట్టిలో ఆడుకోవాలి, పొద్దున లేవగానే ఎదురు బిల్డింగ్ గోడ కాకుండా నాలుగు చెట్లు కనపడాలి, స్కూలు మాత్రం మంచిది ఉండాలి, ఆఫీసుకి గంటలో పడాలి. కొండాపూర్, మణికొండ, మియాపూర్ వైపు అద్దెకుండే చాలామంది అమ్మానాన్నలు అడిగేది ఇదే. కోరిక తప్పేం కాదు, ఇవన్నీ దొరికే ఊర్లు హైదరాబాద్ చుట్టూ నిజంగానే ఉన్నాయి. కాకపోతే మనవాళ్లు వెతికే పద్ధతి రివర్స్‌లో ఉంటది. ఆదివారం వెంచర్ వాళ్ల కారెక్కి సైట్ విజిట్‌కి పోతారు, ఖాళీ రోడ్డు మీద ముప్పై నిమిషాల్లో చేరిపోతారు, అక్కడ గాలికి మనసు మెత్తబడుతుంది, టోకెన్ అడ్వాన్స్ ఇచ్చేస్తారు, ఆ తర్వాత స్కూలు వెతుక్కుంటారు. నేను చెప్పేదల్లా ఒకటే, ఆ వరస తిప్పండి. ముందు స్కూలు ఖాయం చేస్కోండి, తర్వాత ఆ స్కూలు నించి ఇంటికీ ఇంటి నించి ఆఫీసుకీ రోడ్డు చూడండి, ఇల్లు అన్నింటికన్నా ఆఖర్న. ఇల్లు మారొచ్చు, ఉద్యోగం మారొచ్చు, మూడో క్లాసు పిల్లని మాత్రం ఏడాదికో స్కూలు తిప్పలేం.

ఇంకో మాట ముందే చెప్తా. ప్రయాణం అనగానే మనం మన ఆఫీసు ప్రయాణమే లెక్కేస్తాం. ఇంట్లో అందరికంటే చిన్నవాళ్ల ప్రయాణం ఎంతసేపు అనేది అసలు లెక్క. పెద్దవాళ్లం గంటన్నర కార్లో పాటలు వింటూ కూర్చోగలం. ఆరేళ్ల పాప పొద్దున ఆరున్నరకి బస్సెక్కి సాయంత్రం ఐదింటికి దిగితే ఇంక ఆ చెట్లూ ఆ మట్టీ ఎవరికోసం? చీకటి పడే టైంకి హోంవర్క్, తినడం, పడుకోవడం, అంతే. అందుకే నా లెక్కలో చిన్నపిల్లలకి బస్సులో ఒకవైపు ముప్పై, ముప్పై ఐదు నిమిషాలు దాటకూడదు. మీకు గంట పట్టినా పర్లేదు.

ఇప్పుడు మొదటి పని. మీ ఆఫీసు ఎటు ఉంటే ఆ దిక్కు మాత్రమే చూడండి. చాలామంది రేటు తక్కువని అటు దిక్కు పోయి ఇటు దిక్కు ఉద్యోగం చేస్తారు, ఓఆర్ఆర్ (ఔటర్ రింగ్ రోడ్డు) ఉంది కదా అని. ఓఆర్ఆర్ మొత్తం 158 కిలోమీటర్ల రింగు, దాని మీద నడిచినంతసేపు బాగానే ఉంటది, కానీ మీరు ఎక్కేముందు ఊరి రోడ్డు, దిగాక నానక్‌రాంగూడ దగ్గరో కోకాపేట దగ్గరో క్యూ, అక్కడ్నుంచి ఆఫీసు పార్కింగ్ దాకా ఇంకో క్యూ, టైమంతా పోయేది ఆ రెండు కొసల్లోనే. ఇంకోటి, ఓఆర్ఆర్ మెయిన్ రోడ్డు మీదికి బైకుల్ని, ఆటోల్ని రానివ్వరు. ఇంట్లో ఒకరికే కారు ఉండి ఇంకొకరు బండి మీద పోయేవాళ్లయితే ఆ రెండో మనిషి సర్వీసు రోడ్డు మీదే పోవాలి. దాని టైం వేరే, రాత్రిపూట దాని చీకటి వేరే. ఇది ఇల్లు తీసుకున్నాక తెలుసుకునే విషయం కాదు.

దిక్కుల వారీగా నాకు తెలిసింది చెప్తా. ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్, గచ్చిబౌలి వైపు ఉద్యోగాలయితే సహజంగా చూసేది శంకర్‌పల్లి రోడ్డు, అంటే గండిపేట దాటాక జన్వాడ, మోకిల, కొండకల్, అటు తెల్లాపూర్ దాటాక కొల్లూరు, వెలిమెల. స్కూళ్ల పరంగా ఇప్పుడు శివార్లలో ఇదే బలమైన వైపు, కొల్లూరులో గాడియం, శంకర్‌పల్లి వైపు ఇండస్ ఇంటర్నేషనల్ లాంటి పెద్ద క్యాంపస్‌లు ఉన్నాయి, వాటి చుట్టూ మధ్యరకం ఫీజుల సీబీఎస్ఈ స్కూళ్లు కూడా వచ్చాయి. పల్లె వాసన ఇంకా పోలేదు, మోకిల దాటితే కూరగాయల తోటలు, పూల తోటలు కనిపిస్తాయి. మైనస్ ఏంటంటే విల్లా ప్రాజెక్టులు ఎక్కువై పొద్దున్నే టిప్పర్లు, రెడీమిక్స్ లారీలు, స్కూలు బస్సులు, ఆఫీసు కార్లు అన్నీ ఒకే రోడ్డు మీద పడతాయి. శంకర్‌పల్లికి రైల్వే స్టేషన్ ఉంది కానీ సిటీ లోకల్ ట్రైన్ ఎంఎంటీఎస్ అక్కడిదాకా రాదు, లింగంపల్లి వైపు పోయి ఎక్కాల్సిందే.

మొయినాబాద్, చేవెళ్ల వైపు అందంలో దీనికన్నా ఒక మెట్టు పైనే. అప్పా జంక్షన్ నించి మన్నెగూడ దాకా 46 కిలోమీటర్లు, పాత మర్రిచెట్లు రెండువైపులా గొడుగు పట్టినట్టుండే రోడ్డు. ఆ చెట్లు కొట్టొద్దని నడిచిన కేసు వల్లే విస్తరణ ఏళ్ల తరబడి ఆగింది. చెట్లు ఉండాలనే నేనూ కోరుకుంటా, కానీ డివైడర్ లేని రెండు లైన్ల రోడ్డు మీద రోజూ ఎదురుగా కంకర లారీలు వస్తుంటే పిల్లల బస్సు అటు పంపడం చిన్న విషయం కాదు. 2025 నవంబర్‌లో చేవెళ్ల దగ్గర మీర్జాగూడలో ఆర్టీసీ బస్సూ కంకర టిప్పరూ ఢీకొన్న ఆ ప్రమాదం చూశాం కదా, అందులో పోయినవాళ్లలో చదువుకునే పిల్లలున్నారు. రోడ్డు నాలుగు లైన్లు అయ్యేదాకా రోజూ ఆ దారిన రానూ పోనూ తిరిగే ప్లాన్ పెట్టుకోవద్దని నా మాట. స్కూలూ ఇల్లూ రెండూ మొయినాబాద్‌లోనే ఉండి, మీరు వారానికి రెండ్రోజులే ఆఫీసుకి పోయేవాళ్లయితే అప్పుడు ఆలోచించొచ్చు.

ఎయిర్‌పోర్ట్, ఆదిభట్ల వైపు ఉద్యోగాలుంటే శంషాబాద్, తుక్కుగూడ, మహేశ్వరం. హార్డ్‌వేర్ పార్క్ దగ్గర 2011లో మొదలైన ఆగాఖాన్ అకాడమీ ఉంది, ఐబీ సిలబస్, దానికి తగ్గ ఫీజు. మధ్యరకం స్కూళ్లు మాత్రం పడమర వైపు ఉన్నన్ని లేవు. పోచారం ఇన్ఫోసిస్‌లో చేసేవాళ్లకి ఘట్‌కేసర్ మంచిదే, అద్దెలు తక్కువ, 2024 మార్చి నించి లింగంపల్లి నించి ఎంఎంటీఎస్ కూడా వస్తోంది, కానీ ట్రైన్లు కొన్నే, టైం టేబుల్ జేబులో పెట్టుకుని బతకాలి. సిటీలోకి రోజూ రావాలంటే ఉప్పల్, నారపల్లి మధ్య ఎలివేటెడ్ కారిడార్ పని 2018లో మొదలై ఎంత సాగిందో అటు తిరిగేవాళ్లనడగండి. జీనోమ్ వ్యాలీలో చేసేవాళ్లకి శామీర్‌పేట, తూంకుంట కంటే మంచి చోటు లేదు, చెరువు ఉంది, అడవి ఉంది, ఉద్యోగం పక్కనే. అదే జీనోమ్ వ్యాలీ పక్కనుండి హైటెక్ సిటీకి రోజూ పోతానంటే మాత్రం వద్దు.

దిక్కు తేలాక స్కూళ్లు. ఇక్కడ తొందర పడొద్దు, ఎక్కువ టైం పెట్టాల్సింది ఇక్కడే. అడ్మిషన్ కౌన్సెలర్ చూపించే స్విమ్మింగ్ పూల్, హార్స్ రైడింగ్ చూసి రాకండి, ఇంటి దగ్గర కూర్చునే సగం విషయం తెలుసుకోవచ్చు. సీబీఎస్ఈ స్కూళ్లన్నీ తమ వెబ్‌సైట్‌లో మాండేటరీ పబ్లిక్ డిస్‌క్లోజర్ అని ఒక పేజీ పెట్టాలి. అఫిలియేషన్ నంబర్, ఫైర్ సేఫ్టీ సర్టిఫికెట్, బిల్డింగ్ సేఫ్టీ సర్టిఫికెట్, ఫీజుల వివరం, టీచర్ల సంఖ్య, గత మూడేళ్ల పది, పన్నెండు క్లాసుల రిజల్ట్స్ అన్నీ అందులో ఉండాలి. ఆ పేజీ ఖాళీగా ఉన్నా, లింకులు తెరుచుకోకపోయినా, సర్టిఫికెట్ గడువు ఎప్పుడో అయిపోయినా అది స్కూలు గురించి మీకు చాలా చెప్పినట్టే. సీబీఎస్ఈ వాళ్ల సరస్ పోర్టల్‌లో అఫిలియేషన్ నంబర్ కొట్టి ఏ క్లాసు దాకా ఉంది, ఎప్పటి దాకా ఉంది అనేది చూడండి. శివార్లలో కొత్త స్కూళ్లు ఎక్కువ కాబట్టి ఇది మరీ ముఖ్యం. "సీబీఎస్ఈ ప్యాటర్న్" అని బోర్డు మీద ఉంటే అఫిలియేషన్ ఉన్నట్టు కాదు. కొన్ని చోట్ల ఎనిమిది దాకానే ఉంటది, "అప్లై చేశాం, వచ్చేస్తది" అంటారు, తొమ్మిదో క్లాసులో బోర్డు రిజిస్ట్రేషన్ టైంకి రాకపోతే పిల్లల్ని వేరే బ్రాంచి పేరు మీద రాయిస్తారు, లేదంటే అప్పటికప్పుడు ఇంకో స్కూలు వెతుక్కోవాలి.

ఒక్కో సెక్షన్‌కి 40 మంది అనేది సీబీఎస్ఈ పెట్టిన లెక్క, మీరు వెళ్లినప్పుడు క్లాసులో బెంచీలు లెక్కపెట్టండి, ఎవరూ ఏమీ అనరు. ఇంకో ప్రశ్న ఉంది, ఎవరూ అడగరు, నేను మాత్రం ప్రతి ఒక్కరికీ చెప్తా: టీచర్లు ఎక్కడ్నుంచి వస్తారు? శివారు స్కూళ్లలో మంచి టీచర్లు కూడా సిటీలోనే ఉండి అక్కడ్నుంచే రావాలి. మేనేజ్‌మెంట్ వాళ్లకి బస్సు పెట్టిందా, దగ్గర్లో క్వార్టర్స్ ఏమైనా ఉన్నాయా, లేకపోతే వాళ్లు రోజూ రెండు బస్సులు మారి వస్తున్నారా? మారి వచ్చేవాళ్లు ఇంటి దగ్గర వేరే స్కూల్లో ఉద్యోగం దొరికిన రోజు మానేస్తారు, ఏడాది మధ్యలో మ్యాథ్స్ టీచర్ మారిపోతే నష్టం మన పిల్లలకే. గేటు దగ్గర ఏ పేరెంట్‌నైనా పట్టుకుని "పోయినేడాది క్లాస్ టీచరే ఈ ఏడు కూడా స్కూల్లో ఉన్నారా అండీ" అని అడగండి, ఒక్క ప్రశ్నతో చాలా తెలుస్తది.

గేటు దగ్గరికి ఎలాగూ పోతారు కాబట్టి స్కూలు విడిచే టైంకి పోండి, టూర్‌కి పిలిచిన టైంకి కాదు. మూడున్నర అలా అవుతుందనుకోండి, బస్సులు వరసగా నిలబడి ఉంటాయి, ఆయాలు చేతిలో లిస్టు పట్టుకుని పేర్లు పిలుస్తుంటారు. లిస్టు చూసి ఎక్కించే బస్సు వేరు, ఎక్కినవాళ్లు ఎక్కినట్టు కదిలే బస్సు వేరు, అక్కడ నిలబడితే రెండూ కనపడతాయి. చిన్నపిల్లలు ముందు సీట్లలో కూర్చుంటున్నారా, ముగ్గురు పట్టే చోట ఐదుగురు ఇరుక్కున్నారా, డ్రైవర్ అన్న ఫోన్ చూస్తూ రివర్స్ తీస్తున్నాడా చూడండి. తర్వాత ఒక బస్సు వెనకాలే మీ కారు పోనివ్వండి, మీరు అనుకుంటున్న ఊరి వైపు పోయే బస్సు వెనకాల. ఎన్ని స్టాపులు ఆగింది, ఎక్కడ మట్టి రోడ్డులోకి తిరిగింది, ఆఖరి పిల్లాడు ఎన్నింటికి దిగాడు, నిద్రలోంచి లేపి దించారా, అదంతా కళ్లతో చూస్తారు. గూగుల్ మ్యాప్స్ మీకు చెప్పే ఇరవై నిమిషాలకీ, బస్సులో పిల్లలకి పట్టే టైంకీ సంబంధం ఉండదు.

బస్సు రూట్ గురించి అడ్మిషన్ ఆఫీసులో అడిగితే "అన్ని ఏరియాలకి ఉంది సార్" అంటారు. ట్రాన్స్‌పోర్ట్ ఇన్‌ఛార్జ్‌ని అడగాలి, ఆయన దగ్గర రూట్ షీట్ ఉంటది. మీ ఊరు రూట్‌లో మొదటి స్టాపా ఆఖరి స్టాపా అనేది చూడండి. మొదటి స్టాప్ అంటే పొద్దున అందరికంటే ముందు ఎక్కడం, సాయంత్రం అదే రూట్ తిప్పి నడిపితే అందరికంటే ఆఖర్న దిగడం, రెండువైపులా నష్టమే. మీ ఇల్లు స్కూలుకి ఇవతల, సిటీ వైపు ఉంటే మీరు ఆఫీసుకి పోతూ దించేయొచ్చనుకుంటాం కానీ స్కూలు మీకు వ్యతిరేక దిక్కులో పడుతుంది. ఇల్లు స్కూలుకి అవతల ఉంటే అది మీ దారిలోనే పడుతుంది, పొద్దున మీరే దించుకుంటూ పోవచ్చు, సాయంత్రం ఒక్క బస్సు సరిపోతుంది. మ్యాప్ మీద ఇల్లు, స్కూలు, ఆఫీసు ఈ వరసలో ఒకే గీత మీద పడితే ఆ ఇంటికి నేను ఎక్కువ మార్కులేస్తా, రెండు బెడ్రూములు చిన్నగా ఉన్నా సరే.

ప్రభుత్వ దారుల గురించి కూడా ఒక మాట. ఊరి వైపు పోయేవాళ్లకి నవోదయ (కేంద్ర ప్రభుత్వ రెసిడెన్షియల్ స్కూలు) మీద అవగాహన ఉంటే మంచిది. నవోదయ ఆరో క్లాసు సీట్లలో కనీసం 75 శాతం గ్రామీణ ప్రాంత పిల్లలకి, కాకపోతే మూడు, నాలుగు, ఐదు క్లాసులు మొత్తం గ్రామీణ ప్రాంతంలో ఉన్న గుర్తింపు పొందిన స్కూల్లోనే చదివి ఉండాలి. మీరు చూసే ఊరు పంచాయతీనా మున్సిపాలిటీనా అనేది అందుకే ముఖ్యం. 2025 చివర్లో ఓఆర్ఆర్ లోపల, దాని ఆనుకుని ఉన్న 27 మున్సిపాలిటీలు, కార్పొరేషన్లు జీహెచ్ఎంసీలో కలిపేశారు, తెల్లాపూర్, శంషాబాద్, ఆదిభట్ల, ఘట్‌కేసర్ అన్నీ అందులో పోయాయి. ఇంటి పన్ను మారేది, చెత్త బండి వచ్చేది రానిది, అన్నీ దీన్ని బట్టే.

పెద్ద క్లాసుల పిల్లలుంటే ఇంకో లెక్క ఉంది, మన తెలుగువాళ్లకి మాత్రమే ఉండే లెక్క, ఇంటర్. పదో క్లాసు దాకా శివారు స్కూలు బ్రహ్మాండంగా నడుస్తది, తర్వాత ఎంపీసీ, బైపీసీ, జేఈఈ, నీట్, ఎప్‌సెట్ అనగానే కార్పొరేట్ కాలేజీలన్నీ మాదాపూర్, కూకట్‌పల్లి, నల్లకుంట వైపే ఉంటాయి. పొద్దున ఎనిమిదింటి క్లాసు, రాత్రి దాకా స్టడీ అవర్స్, మోకిల నించి రోజూ తిరగడం అయ్యే పని కాదు, అప్పుడు హాస్టలో ఇల్లు మారడమో తప్పదు. కాబట్టి పిల్లలు ఒకటి నించి ఐదు మధ్య ఉంటే శివారుకి మారడానికి ఇదే మంచి టైం, ఐదారేళ్లు హాయిగా ఉంటారు. ఎనిమిదిలో ఉంటే ఆగండి. స్కూల్లోనే పదకొండు, పన్నెండు ఉండి, కోచింగ్ గోల వద్దనుకునేవాళ్లకి ఈ లెక్క వర్తించదు, అలాంటి ఇళ్లు కూడా పెరుగుతున్నాయి, మంచిదే.

ఇప్పుడు రోడ్డు. టెస్ట్ చేయాల్సింది సోమవారమో మంగళవారమో, పొద్దున స్కూలు టైంకి, వీలైతే వాన పడ్డ మర్నాడు. మోకిల నించి ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్ అనుకుందాం. ఏడూ ముప్పావుకి ఊరి సర్కిల్ దగ్గర నిలబడి స్టార్ట్ చేయండి, ఫోన్‌లో టైం నోట్ చేస్కుంటూ పోండి, గండిపేట ఎన్నింటికి దాటారు, కోకాపేట దగ్గర రోటరీలో ఎంతసేపు పట్టింది, ఆఫీసు గేటు నించి బేస్‌మెంట్ పార్కింగ్‌కి ఎంత. సాయంత్రం ఆరున్నరకి మళ్లీ వెనక్కి. పోయేటప్పటి టైం కంటే వచ్చేటప్పటి టైం ఎప్పుడూ ఎక్కువే ఉంటది, పైగా శివారు రోడ్ల మీద చాలాచోట్ల వీధి దీపాలుండవు, గేదెలు అడ్డం వస్తాయి, హైబీమ్ వేసుకుని వచ్చేవాళ్లు అసలు తగ్గించరు. రైల్వే గేటు ఉంటే అది ఎన్నిసార్లు పడుతుందో అక్కడి టీ కొట్టాయన్ని అడగండి. వానాకాలం హిమాయత్ సాగర్ గేట్లు ఎత్తితే రాజేంద్రనగర్ దగ్గర సర్వీసు రోడ్డు మూసేస్తారు, అలాంటి చోట్లు మీ దారిలో ఉంటే రెండో దారి ఏదో ముందే తెలిసుండాలి. ఒకే దారి ఉన్న ఊరు నేనైతే తీసుకోను, ఎంత బాగున్నా సరే.

డబ్బు లెక్క కూడా ఒకసారి కాగితం మీద పెట్టండి. ఒకవైపు 35 కిలోమీటర్లు అనుకుంటే రోజుకి 70, నెలకి 22 రోజులకి 1540 కిలోమీటర్లు. కారు లీటరుకి 14 ఇస్తే 110 లీటర్లు, పెట్రోల్ 107 చొప్పున వేస్కుంటే దాదాపు 11,800 రూపాయలు, ఓఆర్ఆర్ టోల్ దీనికి అదనం, టైర్లు, సర్వీసింగ్ అదనం. ఇంట్లో ఇద్దరూ వేర్వేరు ఆఫీసులకి పోతే రెండింతలు. పిల్లల స్కూలు బస్సు ఫీజు వేరే. సిటీలో కట్టే అద్దెకీ ఇక్కడి అద్దెకీ ఉన్న తేడాలోంచి ఇవన్నీ తీసేశాక ఏం మిగిలిందో చూడండి, చాలామందికి ఏమీ మిగలదు, కొందరికి చేతి నించి ఎదురు పెట్టాల్సి వస్తుంది. అయినా పర్లేదు, గాలీ చెట్లూ కావాలనే పోతున్నాం అనుకుంటే అది సరైన కారణమే, కానీ డబ్బు ఆదా అవుతుందని పోవద్దు. టైం లెక్క ఇంకా ముఖ్యం: ఒకవైపు 75 నిమిషాలంటే నెలకి 55 గంటలు రోడ్డు మీదే. వారానికి మూడ్రోజులు వర్క్ ఫ్రమ్ హోమ్ ఉంటే ఈ లెక్క పూర్తిగా మారిపోతుంది, కాకపోతే ఆ వెసులుబాటు కంపెనీ ఎప్పుడైనా తీసేయొచ్చు, ఐదు రోజులూ పోవాల్సి వస్తే తట్టుకోగలమా అని ఇప్పుడే మాట్లాడుకోండి.

ఊరి సంగతి. పగలు అన్ని ఊర్లూ బాగుంటాయి, రాత్రి పది తర్వాత పోయి కారు అద్దాలు దింపి నిలబడండి. పటాన్‌చెరు, బొల్లారం, గడ్డపోతారం వైపు పరిశ్రమల ఘాటు వాసన రాత్రిళ్లే ఎక్కువ, చలికాలం మరీ. జవహర్‌నగర్ డంపింగ్ యార్డు వాసన గాలి తిరిగితే దమ్మాయిగూడ, నాగారం దాకా వస్తుంది. శామీర్‌పేట అవతల, షాద్‌నగర్, చేవెళ్ల వైపు కోళ్ల ఫారాలు ఎక్కువ, వానాకాలం ఈగలు ఎలా ఉంటాయంటే అన్నం గిన్నె మీద మూత తీయలేం. కొనేముందు, అద్దెకి దిగేముందు చుట్టూ రెండు కిలోమీటర్లు తిరిగి కోళ్ల షెడ్లు, స్టోన్ క్రషర్లు ఎక్కడున్నాయో చూడండి, మ్యాప్‌లో శాటిలైట్ వ్యూలో కూడా పొడుగ్గా తెల్ల రేకుల షెడ్లు కనపడతాయి. క్రషర్ ఉంటే మధ్యాహ్నం బ్లాస్టింగ్ శబ్దం, ఇంటి మీద దుమ్ము, పిల్లలకి దగ్గు.

నీళ్లు ఏప్రిల్, మే నెలల్లో అడగాలి, సెప్టెంబర్‌లో అడిగితే అందరూ "బోరు ఫుల్లు" అనే చెప్తారు. అక్కడే ఉండే ఇంట్లో ఆడవాళ్లని అడగండి, ఎండాకాలం ట్యాంకర్ ఎన్ని రోజులకొకసారి వస్తుందో వాళ్లకే కరెక్టుగా తెలుసు. కరెంటు గాలివానకి పోతే ఎన్ని గంటలు పోతుంది, ఫైబర్ ఇంటర్నెట్ కేబుల్ ఏ కంపెనీది ఇంటిదాకా వచ్చింది, జ్వరమొస్తే పిల్లల డాక్టర్ ఎంత దూరం, రాత్రి ఎమర్జెన్సీ అంటే ఏ హాస్పిటల్‌కి పోవాలి, ఇవి కూడా. మెడికల్ షాపు, పాల ప్యాకెట్, కిరాణా నడిచి పోయే దూరంలో ఉంటే అదే పెద్ద వరం. ఊరివాళ్లతో కలిసిపోవడం కూడా మర్చిపోవద్దు, బతుకమ్మకీ బోనాలకీ గేటెడ్ కమ్యూనిటీ గోడ లోపలే ఉండిపోతే ఊర్లో ఉన్నట్టు కాదు. పిల్లలకి దొరికే అసలు మంచి విషయం అది, చెరువు దగ్గర బతుకమ్మ ఆడే అమ్మలక్కల మధ్య పెరగడం.

కొనడం గురించి తక్కువే చెప్తా, ఎందుకంటే మొదటి ఏడాది కొనొద్దనేదే నా సలహా. అద్దెకి దిగండి, ఒక ఎండాకాలం, ఒక వానాకాలం, ఒక స్కూలు సంవత్సరం గడపండి. తర్వాత కొనేటప్పుడు లేఅవుట్‌కి హెచ్ఎండీఏ లేదా డీటీసీపీ అప్రూవల్, తెలంగాణ రెరా నంబర్, ముప్పై ఏళ్ల ఈసీ (ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్), లింక్ డాక్యుమెంట్లు, నిషేధిత జాబితాలో ఆ సర్వే నంబర్ ఉందా లేదా, చెరువు పక్కనయితే ఎఫ్‌టీఎల్ (చెరువు పూర్తిగా నిండితే నీళ్లొచ్చే హద్దు), బఫర్ జోన్ మ్యాప్, ఇవి మీ సొంత లాయర్‌తో చూపించుకోండి, వెంచర్ వాళ్లిచ్చిన లాయర్‌తో కాదు. 2024లో చెరువు ఆక్రమణలు కూల్చే ప్రభుత్వ సంస్థ హైడ్రా వచ్చాక చెరువు బఫర్‌లో కట్టిన ఇళ్లు ఏమయ్యాయో అందరం చూశాం. ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ చుట్టూ పది కిలోమీటర్లలో 84 గ్రామాలకి 1996లో వచ్చిన, కట్టడాలకి ఆంక్షలు పెట్టిన 111 జీవో సంగతి "ఎత్తేశారు సార్, ప్రాబ్లం లేదు" అని ఏజెంట్ అనగానే నమ్మకండి, ఆ సర్వే నంబర్‌కి రాతపూర్వకంగా పర్మిషన్ కాగితం అడగండి. ఫార్మ్ ల్యాండ్ పేరుతో గుంటల్లెక్కన అమ్మేవి, అంటే 121 గజాల ముక్కలు, వ్యవసాయ భూమిగానే ఉంటాయి, అందులో ఇల్లు కట్టుకుని పిల్లల్ని స్కూలుకి పంపే ప్లాన్ వేయొద్దు. ట్రిపుల్ ఆర్ (రీజనల్ రింగ్ రోడ్డు) వస్తుంది, మెట్రో వస్తుంది అనే మాటల మీద ఊరు ఎంచుకోకండి. ఇవాళ ఉన్న రోడ్డు మీద, ఇవాళ తిరుగుతున్న బస్సు మీద మీ జీవితం నడవాలి.

ఇంక టైమింగ్. స్కూళ్లు దసరా అయిన దగ్గర్నుంచే వచ్చే ఏడాది అడ్మిషన్లు మొదలుపెడతాయి, మంచివాటిలో చిన్న క్లాసులు సంక్రాంతికే నిండిపోతాయి. కాబట్టి ఈ తిరుగుడంతా జూలై, ఆగస్టుల్లో పెట్టుకోండి, వానల్లో రోడ్డు కూడా చూసినట్టవుతుంది. స్కూల్లో సీటు చేతికొచ్చాకే, జనవరి ఫిబ్రవరిల్లో, ఆ బస్సు రూట్ మీద ఉన్న ఊర్లలోనే ఇల్లు వెతకండి. పాత స్కూల్లో ఫీజు బాకీ లేకుండా చేస్కుని మార్చిలోనే టీసీకి లెటర్ పెట్టండి, మేలో ఆఫీసులో క్లర్కులు దొరకరు. ఇంటి అగ్రిమెంట్ మామూలుగా 11 నెలలే రాస్తారు కదా, మే ఒకటి నించి మొదలుపెట్టించుకోండి, అప్పుడు అది సరిగ్గా మార్చి ఆఖరికి అయిపోతుంది, ఉండాలన్నా మారాలన్నా పిల్లల పరీక్షలు అప్పటికి అయిపోయి ఉంటాయి. ఓనర్ లాకిన్ పీరియడ్ (ఖాళీ చేయకుండా ఉండాల్సిన కనీస గడువు) అంటే ఆరు నెలలకి మించి ఒప్పుకోవద్దు.